కప్పు లేని చోట బిగువు ఎక్కడుంటుంది: ఎంజీబీ రోడ్‌స్టర్, ఎంజీబీ జీటీల సమీక్ష

పాత కార్లంటే ప్రాణం పెట్టే మిత్రుడొకరు బ్రిటిష్ ఎంజీ సంస్థవారి ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే గట్టి కప్పు లేని స్పోర్ట్స్ కారు, కొనాలని నిశ్చయించుకుని, మొదటి కారును చూడబోతూ నన్ను వెంట తీసుకెళ్లారు. ఎర్ర రంగు అద్దంలా మెరుస్తోంది, క్రోము బంపర్ల మీద ఒక్క మచ్చ లేదు, ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. అయితే తలుపు చుట్టూ ఉన్న సందును చూడగానే నాకు అనుమానం మొదలైంది. తలుపు వెనక అంచు దగ్గర ఆ సందు పైన గోరు పట్టనంత సన్నగా ఉండి, కిందికి వచ్చేసరికి చిటికెన వేలు దూరేంత వెడల్పయింది. యజమాని అనుమతితో వెనక స్ప్రింగు ముందు కొసను బిగించే చోట జాకీ పెట్టి, చక్రం నేలను విడిచేదాకా ఆ ఒక్క మూలనూ ఎత్తాం. అప్పుడు అటువైపు తలుపు తెరవబోతే రాలేదు. జాకీ దించగానే మామూలుగా తెరుచుకుంది. తలుపు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే సిల్‌కు అయస్కాంతం ఆనించి చూస్తే, సగం పొడవున అది అంటుకోలేదు. తుప్పు తిన్న పాత సిల్‌ను తొలగించకుండా దాని మీదే ఎవరో కొత్త రేకు తొడిగి, ఎగుడుదిగుళ్లను లప్పంతో పూడ్చి, రంగు వేశారు.

ఆ కారును వదిలేశాం. ఆ తర్వాత కొన్ని వారాలకు, సిల్‌లు పద్ధతిగా మార్చిన ఒక రోడ్‌స్టర్‌నూ, గట్టి కప్పున్న రూపమైన, ఎన్నడూ తుప్పు పట్టని ఒక జీటీనీ ఒకే రోజు, ఒకే దారిలో, ఒకరి తర్వాత ఒకరం మార్చుకుంటూ నడిపే అవకాశం దొరికింది. రెండూ 1960ల చివరి నాటివే, రెండింటిలోనూ 1,798 సీసీ ఇంజనే, టైర్లూ ఒకే కొలతవి. అందువల్ల ఈ రెండింటి మధ్య నాకు తెలిసిన తేడాలో అధిక భాగం బాడీ నిర్మాణం నుంచి వచ్చినదేనని ధైర్యంగా చెప్పగలను. ఇంజను శక్తి, మైలేజీ, సీట్ల సౌకర్యం గురించి చెప్పేవారు ఎందరో ఉన్నారు కనుక ఈ సమీక్షలో వాటి జోలికి వెళ్లను.

ఎంజీబీ 1962లో రోడ్‌స్టర్‌గానే పుట్టింది. దానికి ముందున్న ఎంజీఏకు విడి ఛాసిస్ ఉండేది. అంటే భారమంతా మోసేది అడుగునున్న ఉక్కు చట్రం, పైన కూర్చున్న బాడీ చాలావరకు తొడుగు. సిడ్ ఎనెవర్ నాయకత్వంలోని ఇంజనీర్లు ఎంజీబీలో ఆ చట్రాన్ని వదిలి, బాడీయే భారం మోసే మోనోకోక్ పద్ధతికి మారారు. దాని ఫలితం కొలతల్లోనే కనిపిస్తుంది: వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, ఎంజీఏ కన్నా 3 అంగుళాలు తగ్గి 91 అంగుళాలకు, అంటే 2,311 మిల్లీమీటర్లకు వచ్చినా లోపల మనుషులకు దక్కిన చోటు పెరిగింది. గట్టి కప్పు ఉన్న జీటీ 1965లో వచ్చింది. దాని పైభాగానికి రూపునిచ్చింది పినిన్‌ఫరీనా. ఈ వరుసను గుర్తుంచుకోవాలి. కప్పున్న కారును కోసి ఓపెన్ కారుగా మార్చడం వేరు, కప్పు ఎప్పటికీ ఉండదనుకుని అడుగు భాగాన్ని గీయడం వేరు. ఎంజీబీ రెండో కోవకు చెందినది కాబట్టే ఈ జంటను పక్కపక్కన పెట్టి చూడటం నాకు ఇంత ఆసక్తి కలిగించింది.

ఇక్కడ బలానికీ బిగువుకూ ఉన్న తేడా చెప్పుకోవాలి. విరగకుండా ఉండటం బలం. వంగకుండా, మెలి తిరగకుండా ఉండటం బిగువు. కుడి ముందు చక్రం ఒక గుంతలో దిగి, ఎడమ ముందు చక్రం గట్టు మీద ఉన్నప్పుడు, తడి బట్టను పిండినట్టు బాడీ ముందు భాగం ఒకవైపుకు, వెనక భాగం మరోవైపుకు మెలి తిరగబోతుంది. కూపేలో, అంటే గట్టి కప్పున్న కారులో, సిల్, ముందు పిల్లరు, వెనక పిల్లరు, కప్పు అంచు కలిసి ఒక్కో పక్కనా నిలువెత్తు చట్రంగా ఏర్పడతాయి. వంపును అడ్డుకునే శక్తి ఆ నిర్మాణం ఎత్తును బట్టి ఎన్నో రెట్లు పెరుగుతుంది; మీటరుకు పైగా ఎత్తున్న ఆ పక్క చట్రం ముందు, జానెడు ఎత్తు మాత్రమే ఉండే సిల్ ఒంటరిగా చేయగలిగేది చాలా తక్కువ. కప్పు తీసేయడమంటే ఆ చట్రంలోని పై కమ్మీని తీసేయడమే. ఆ కాలపు కార్లలో ముందు అద్దాన్ని రబ్బరు పట్టీలో కూర్చోబెట్టేవారు. నేటి కార్లలాగా జిగురుతో బాడీకి అతికించేవారు కాదు. కనుక అద్దం నుంచి అందే సాయం కూడా స్వల్పమే.

కప్పు లేనప్పుడు ఆధారం ఏమిటంటే, మూసిన పెట్టెలు. వెదురు బొంగును రెండు చేతులా పట్టుకుని మెలితిప్పబోతే అది కదలదు. అదే బొంగును ఒకపక్క నిలువునా ఈ కొస నుంచి ఆ కొసకు చీల్చి మళ్లీ తిప్పితే చేతుల్లో తేలిగ్గా మెలి తిరుగుతుంది. చీలికలో పోయిన వెదురు దాదాపు ఏమీ లేదు. పోయింది చుట్టూ కలిసి ఉండే గుణం మాత్రమే. దీని లెక్క కూడా స్పష్టంగా ఉంది. పలుచని గోడ ఉన్న గొట్టానికి, అలాంటిదే నిలువునా చీలిన గొట్టానికి మధ్య మెలి బిగువులో ఉండే నిష్పత్తి, వ్యాసార్ధాన్ని గోడ మందంతో భాగించి, ఆ వచ్చినదాన్ని వర్గం చేసి, మూడుతో గుణిస్తే వస్తుంది. 100 మిల్లీమీటర్ల వ్యాసం, ఒక మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు గొట్టాన్ని తీసుకుంటే, ఆ ఒక్క చీలిక వల్ల దాని బిగువు 7,500వ వంతుకు పడిపోతుంది. సిల్ కూడా ఇలాంటి మూసిన గొట్టమే, ఆకారం మాత్రమే వేరు. దాని అడుగు కుట్టు తుప్పుతో విచ్చుకుంటే రేకు చాలావరకు అక్కడే కనిపిస్తుంది, కాని మెలిని ఆపే పని మాత్రం ఆగిపోతుంది. మేము మొదట చూసిన ఎర్ర కారులో జరిగింది ఇదే.

ఎంజీబీ సిల్‌ను విప్పి చూసినవారికి దాన్ని ఎంత శ్రద్ధగా ఆలోచించారో అర్థమవుతుంది. బయటికి కనిపించే రేకు వెనక ఒక నిలువు రేకు, దాని లోపల ఇంకొక సిల్, అడుగున కాజిల్ రైలు అని పిలిచే మరో మడత రేకు ఉంటాయి. ఇవన్నీ కలిసి పక్కపక్కన ఒకటికి మించిన మూసిన పెట్టెలుగా ఏర్పడతాయి. మధ్యలో గేరుబాక్సు మీదుగా సాగే టన్నెల్, సీట్ల కింద అడ్డంగా పోయే పెట్టె ఆకారపు దూలం, డ్యాష్‌బోర్డు ముందుండే స్కటిల్ పెట్టె, సీట్ల వెనకున్న అడ్డగోడ ఈ రెండు సిల్‌లనూ కలిపి పట్టుకుంటాయి. నిచ్చెనకు రెండు బొంగులెంత ముఖ్యమో మెట్లూ అంతే ముఖ్యం. ఆ మెట్ల పని చేసేవి ఈ అడ్డ దూలాలే. నా దృష్టిలో ఎంజీబీ అసలు గొప్పతనం దాని ఆకారంలో కన్నా ఈ అడుగు నిర్మాణంలోనే ఉంది. బయటి నుంచి కనిపించదు కనుక దానికి దక్కవలసినంత మెప్పు ఎన్నడూ దక్కలేదు.

ముందుగా రోడ్‌స్టర్ ఎక్కాను. నున్నటి రోడ్డు మీద, స్థిరమైన వేగంలో, ఇది కప్పు లేని కారన్న సంగతిని గాలి తప్ప మరేదీ గుర్తుచేయలేదు. ముందు అద్దపు చట్రం మధ్యలో నిలువుగా ఒక సన్నని కడ్డీ ఉంటుంది, వెనక చూసే అద్దాన్ని దానికే బిగిస్తారు. ఆ అద్దంలోని దృశ్యం ఎంత నిలకడగా ఉందన్నదే నాకు మొదటి కొలమానం. అతుకులు వేసిన రోడ్డు మీదికి రాగానే ఆ దృశ్యం అంచులు మసకబారాయి. ఒక చక్రం మాత్రమే గుంతలో పడిన ప్రతిసారీ స్టీరింగు కాలమ్ ద్వారా చిన్న వణుకు చేతికి చేరి, ఒకటి రెండు ఊపుల్లో ఆగిపోయింది. దీన్నే స్కటిల్ షేక్ అంటారు. ఎడమ చేతి వేలిని తలుపు పై అంచుకూ బాడీకీ మధ్య ఆనించి ఉంచితే, రెండింటి మధ్య స్వల్పమైన ఒరిపిడి తెలిసింది. అయితే వణుకు మొదలైన వెంటనే ఆగిపోవడం, తలుపు కిర్రుమనకపోవడం, మలుపు మధ్యలో గుంత వచ్చినా కారు తన దారి తప్పకపోవడం చూశాక, అరవై ఏళ్ల కిందటి ఓపెన్ కారు నుంచి ఇంతకన్నా ఎక్కువ కోరడం న్యాయం కాదనిపించింది.

అదే దారిలో జీటీని నడిపినప్పుడు మొదటి కిలోమీటరులోనే తేడా తెలిసింది. అతుకుల రోడ్డు మీద అద్దంలోని దృశ్యం కదలలేదు. రోడ్‌స్టర్‌లో బాడీకీ చక్రానికీ పంచుకుపోయిన కుదుపు ఇక్కడ పూర్తిగా స్ప్రింగుల దాకా వెళ్లి అక్కడే తేలిపోయింది. జీటీ దాదాపు వంద కిలోలు బరువెక్కువ. ఆ బరువులో మంచి భాగం పైనా వెనకా ఉంటుంది కాబట్టి దానికి గట్టి వెనక స్ప్రింగులు ఇచ్చారు, మలుపుల్లో కారు ఒరగడాన్ని తగ్గించే, రోడ్‌స్టర్‌కు మొదట్లో అదనంగా ఎంచుకోవలసిన ముందు యాంటీ రోల్ బారును జీటీకి మొదటి నుంచే అమర్చారు. కాగితం మీద చూస్తే గట్టి స్ప్రింగులున్న కారే కఠినంగా అనిపించాలి. నాకు మాత్రం జీటీయే మెత్తగా అనిపించింది. కుదుపు తీవ్రత కన్నా కుదుపు తర్వాత మిగిలే వణుకే మనిషిని అలసటకు గురిచేస్తుందని ఆ రోజు సాయంత్రానికి నా వీపుకు తెలిసింది. జీటీకి ఉన్న లోపం శబ్దం: పెద్ద కప్పు రేకు, వెనక తలుపు కలిసి కొన్ని వేగాల్లో డప్పులా మోగుతాయి, ఇరుసు హోరు లోపలికి వచ్చి అక్కడే తిరుగుతుంది. రోడ్‌స్టర్‌లో ఆ హోరంతా గాలిలో కలిసిపోతుంది.

బిగువు లేని బాడీ వల్ల నష్టం సౌకర్యానికి మాత్రమే పరిమితం కాదు. సస్పెన్షన్‌లో స్ప్రింగు ఉంటుంది, దాని ఊపును ఆపే షాకబ్జార్బరు ఉంటుంది. మెలి తిరిగే బాడీ కూడా ఒక స్ప్రింగే, కాని దాని ఊపును ఆపే షాకబ్జార్బరు లేదు. మలుపులో ముందు చక్రాలు ఎంత భారం మోయాలి, వెనక చక్రాలు ఎంత మోయాలి అన్నది యాంటీ రోల్ బార్ల మందంతో సరిచేస్తారు. ఆ సర్దుబాటు ఒక కొస నుంచి మరో కొసకు చేరవలసింది బాడీ ద్వారానే. మధ్యలో బాడీయే లొంగిపోతే ముందు మందపాటి బారు వేసినా దాని ప్రభావం వెనకదాకా పూర్తిగా చేరదు. 1974 చివర్లో రబ్బరు బంపర్లు వచ్చినప్పుడు కారు ఎత్తు సుమారు అంగుళంన్నర పెంచి, ముందు బారును తొలగించారు. మలుపుల్లో ఆ కార్లు ఒరిగిపోతాయని వచ్చిన విమర్శ సబబైనదే. 1976లో మళ్లీ ముందు బారుతో పాటు వెనక బారును కూడా చేర్చారు. ఆ ఏడాది తర్వాతి రోడ్‌స్టర్ కొన్నవారు ఆ బార్ల పూర్తి ఫలితం పొందాలంటే సిల్‌లు నిండుగా ఉండాలి.

1973లో 3.5 లీటర్ల వీ8 ఇంజను పెట్టినప్పుడు కర్మాగారం దాన్ని జీటీకే ఇచ్చింది, రోడ్‌స్టర్‌కు ఇవ్వలేదు. రోడ్‌స్టర్ బాడీ ఆ శక్తిని తట్టుకోలేదు కనుకే ఇలా చేశారని తరచూ వినిపిస్తుంది. ఈ వాదనను నేను పూర్తిగా ఒప్పుకోలేను. ఎంజీబీ బాడీ నుంచే ఎదిగి 1992లో వెలువడిన ఎంజీ ఆర్‌వీ8 ఓపెన్ కారే, అందులో ఉన్నది అదే వంశపు వీ8 ఇంజనును 3.9 లీటర్లకు పెంచినదే. చక్కగా వెల్డింగ్ చేసిన ఓపెన్ బాడీ ఆ పని చేయగలదనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

ఎంజీబీ సాధించినదాన్ని సరిగా తూచాలంటే అదే కాలపు ఇతర కార్లను చూడాలి. 1961లో వచ్చిన జాగ్వార్ ఇ-టైప్ మొదటి నుంచీ రెండు రూపాల్లోనూ దొరికింది, కాని దాని అడుగు భాగం కప్పును నమ్ముకోలేదు. మధ్య భాగం లోతైన సిల్‌లు, వెడల్పాటి టన్నెల్, అడ్డ దూలాలు ఉన్న మోనోకోక్. బల్క్‌హెడ్ నుంచి, అంటే ఇంజను గదికీ మనుషులు కూర్చునే చోటుకూ మధ్యనున్న గోడ నుంచి, ముందుకు మాత్రం రేకు నిర్మాణం ఆగిపోయి, రేనాల్డ్స్ 541 ఉక్కు గొట్టాలతో చేసిన చట్రం బోల్టులతో బిగుస్తుంది. ఇంజనూ ముందు సస్పెన్షనూ దాని మీదే ఉంటాయి. అంత పొడవైన బానెట్టు ఒక్క కిలో భారం కూడా మోయదు. ఇ-టైప్ ఎక్కేటప్పుడు కాలు ఎంత ఎత్తాలో గమనించినవారికి ఆ సిల్ లోతు ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. మూసిన పెట్టె చుట్టుకునే వైశాల్యం రెట్టింపయితే, గోడ మందమూ చుట్టుకొలతా మారనంతవరకు, మెలిని ఆపే బిగువు నాలుగు రెట్లవుతుంది. ఆ లోతు అంత పని చేస్తుంది.

మెర్సిడెస్ 300 ఎస్ఎల్ కథ దీనికి తలకిందులు. 1954లో వచ్చిన కూపేకు సన్నని గొట్టాలను త్రికోణాలుగా అల్లిన చట్రం ఉంది. త్రికోణానికి లోతు కావాలి కనుక గొట్టాలు కూర్చునేవారి మోచేయి దాకా లేచాయి, మామూలు తలుపుకు చోటు లేక తలుపులను కప్పుకు వేలాడదీశారు. పక్షి రెక్కల్లాంటి ఆ తలుపులను అందరూ అలంకారంగా చూస్తారు, కాని అవి బిగువు కోసం చెల్లించిన మూల్యం. 1957లో రోడ్‌స్టర్ తెచ్చినప్పుడు కప్పు లేదు కనుక ఆ తలుపులు కుదరవు. పక్క గొట్టాలను కిందికి దించి, కోల్పోయిన లోతుకు బదులు చట్రాన్ని వేరేచోట గట్టిపరచవలసి వచ్చింది.

1962లోనే వచ్చిన లోటస్ ఎలాన్ ఈ ప్రశ్ననే పక్కకు తోసేసింది. దాని వెన్నెముక కారు మధ్యలో ఉంది: రేకును మడిచి చేసిన లోతైన ఒక్క పెట్టె, రెండు కొసల్లోనూ ఫోర్కులా చీలి సస్పెన్షన్‌ను పట్టుకుంటుంది. పైన ఉన్నది ఫైబర్‌గ్లాస్ బాడీ. అసలు భారం కప్పు దగ్గరికి పోదు కాబట్టి, తర్వాత వచ్చిన కూపేకూ ఓపెన్ కారుకూ మధ్య మనం ఎంజీబీలో చూసినంత అంతరం ఉండదు. ఆ వెన్నెముక మెలి బిగువు డిగ్రీకి సుమారు 6,000 న్యూటన్ మీటర్లని, అంటే దాన్ని ఒక డిగ్రీ మెలితిప్పడానికి అంత తిప్పుడు బలం కావాలని చెబుతారు. నేటి కార్లు దీనికి ఎన్నో రెట్లు చూపుతాయి. కాని 700 కిలోలు కూడా లేని కారుకు, మెత్తని స్ప్రింగులకు ఆ అంకె సరిపోయింది. బిగువును ఎప్పుడూ కారు బరువుతో, స్ప్రింగుల గట్టిదనంతో కలిపే చదవాలి, విడి అంకెగా చదివితే తప్పుదోవ పడతాం.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ గురించి ఒక్క హెచ్చరిక చాలు. దానికి విడి ఛాసిస్ ఉందన్న ధైర్యంతో సిల్‌లను నిర్లక్ష్యం చేసేవారు ఉన్నారు. ఆ ఛాసిస్‌కు పక్క కమ్మీలు లేవు, అక్కడ భారం మోసేవి బాడీ సిల్‌లే. ఇక 1967 నుంచి 1969 వరకు వచ్చిన షెవర్లే కమారో కన్వర్టిబుల్‌లో నాలుగు మూలలా బరువైన డబ్బాలు అమర్చారు. లోపల నూనెలో, స్ప్రింగు మీద ఒక దిమ్మ ఊగుతుంది. కాక్‌టెయిల్ షేకర్లని పిలిచే ఆ డబ్బాలు బాడీ వణికే వేగానికి ఎదురుగా ఊగి వణుకును తగ్గిస్తాయి. అది తెలివైన ఉపాయమే, కాని బిగువును అది ఒక్క పిసరు కూడా పెంచదు.

బిగువు పెంచుతాయంటూ అమ్మే అదనపు బ్రేసుల (ఊత కడ్డీల) గురించి చాలామంది అడుగుతారు. పాత ఫోర్డ్ మస్టాంగ్ కారులో ముందు స్ప్రింగులు ఇంజను గదికి ఇరువైపులా ఉన్న టవర్లను పైకీ లోపలికీ తోస్తాయి కనుక, ఆ టవర్లను బల్క్‌హెడ్‌కు కలిపే ఎక్స్‌పోర్ట్ బ్రేసు, రెండు టవర్లనూ ఒకదానికొకటి కలిపే మాంటె కార్లో బారు నిజంగా పనిచేస్తాయి. ఎంజీబీలో పరిస్థితి వేరు. ముందు స్ప్రింగులు, లీవరు రకం షాకబ్జార్బర్లు అన్నీ అడుగునున్న విడి క్రాస్‌మెంబరు (అడ్డ దూలం) మీదే ఉంటాయి, ఆ భారం ఇంజను గది పై అంచుల దాకా రాదు. కనుక అక్కడ అడ్డంగా మెరిసే కడ్డీ బిగించినంత మాత్రాన రోడ్‌స్టర్ మారదు. మార్చేవి సిల్‌లు, కాజిల్ రైళ్లు, అడ్డ దూలాల కొసలు.

ఇప్పుడు కొనేవారికి అవసరమైన సంగతి. ఎంజీబీ బయటి సిల్ తలుపు కింద మాత్రమే కనిపిస్తుంది, కాని దాని ముందు కొస ముందు ఫెండరు కిందికీ, వెనక కొస వెనక ఫెండరు కిందికీ సాగిపోతుంది. ఫెండర్ల కింది భాగాలను కోయకుండా, లేదా విప్పకుండా, సిల్‌ను పూర్తిగా మార్చడం సాధ్యం కాదు. అందుచేత సిల్‌లు కొత్తవని చెప్పినప్పుడు ఫెండర్ల అడుగున పని జరిగిన గుర్తులు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆ కొత్త సిల్ కనిపించినంత మేరకే కొత్తది. రోడ్‌స్టర్‌లో ఈ పని చేసేటప్పుడు కారును సమతలంగా నిలబెట్టి, తలుపు స్థానంలో అడ్డ కడ్డీలను తాత్కాలికంగా వెల్డ్ చేసి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్కను కోయాలి. ఆ కడ్డీలు లేకుండా కోసేస్తే బాడీ కుంగిన ఆకారంలోనే కొత్త రేకు అతుక్కుంటుంది, ఆ తర్వాత ఎంత సర్దినా తలుపు సందు సరికాదు. పని చేసినవారి దగ్గర ఆ దశలో తీసిన ఫొటోలు ఉంటే అడిగి చూడటంలో మొహమాటపడవద్దు.

ఇక్కడే జీటీ ఒక విధంగా మోసం చేస్తుంది. దాని సిల్ నిర్మాణం రోడ్‌స్టర్‌దే, తుప్పు పట్టే తీరూ అదే. కాని కప్పు పట్టి ఉంచుతుంది కాబట్టి సిల్‌లు పూర్తిగా పాడైనా తలుపు సందులు చాలాకాలం చక్కగానే కనిపిస్తాయి. రోడ్‌స్టర్ తన జబ్బును తలుపు సందులో బయటపెడుతుంది, జీటీ దాచుకుంటుంది. కాబట్టి జీటీని చూసేటప్పుడు సందును నమ్మకుండా కిందికి దూరి, కాజిల్ రైలు అంచును, జాకీ పెట్టే చోటును, వెనక స్ప్రింగు ముందు కొస బిగించిన చోటును సుత్తి పిడితో తట్టి వినాలి. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే లోపల రేకు లేదు.

బాడీ చెయ్యి దాటిపోయిన కార్లకు మరో దారి ఉంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి పాత అచ్చులతోనే ఎంజీబీ బాడీలను కొత్తగా తయారుచేసి ఇస్తోంది. పాత కారు ఆత్మ పోతుందని దీన్ని ఇష్టపడనివారు ఉన్నారు, వారి బాధ నాకు అర్థమవుతుంది. అయినా అతుకుల మీద అతుకులు వేసిన బాడీలో కన్నా, అన్ని కుట్లూ నిండుగా ఉన్న కొత్త బాడీలోనే సిడ్ ఎనెవర్ ఉద్దేశించిన కారు మనకు దొరుకుతుందని నా నమ్మకం.

రెండింటిలో ఏది అని అడిగితే, దూర ప్రయాణాలు చేసేవారికీ, పాడైన రోడ్ల మీద తరచూ నడిపేవారికీ, సస్పెన్షన్‌ను గట్టిపరచాలనుకునేవారికీ జీటీనే సూచిస్తాను. కారుగా అది మరింత పూర్తయినది. నడిపిన ఆనందం లెక్కలోకి తీసుకుంటే నా మనసు రోడ్‌స్టర్ వైపే మొగ్గుతుంది, ఎందుకంటే అంత తక్కువ వణుకుతో అంత ఆకాశాన్ని ఇచ్చిన ఆ కాలపు కార్లు ఎక్కువ లేవు. అయితే ఆ మాట సిల్‌లు నిండుగా ఉన్న రోడ్‌స్టర్‌కే వర్తిస్తుంది, లేనిదానికి ఒక్క అక్షరం కూడా వర్తించదు.

మిత్రుడు చివరికి తీసుకున్నది రోడ్‌స్టరే. రంగు వెలిసిపోయింది, సీట్ల తోలు చిట్లింది, ఒక బంపరుకు సొట్ట ఉంది. తాళాలు అందుకునే ముందు వెనక మూల కింద జాకీ పెట్టి చక్రం గాలిలో తేలేదాకా ఎత్తాం; తలుపు తెరిచి, వేసి, మళ్లీ తెరిచి చూశాం. మూడుసార్లూ గడియ ఒకే శబ్దంతో పడింది.